దసరాకు తుడిచేసిన లైబ్రరీ

మా అక్క సులోచన ఏం ఉద్యోగం చేస్తుందని ఎవరైనా అడిగితే నాకు ముందు కోపం వచ్చేది, ఆ తర్వాత గర్వం వచ్చేది. కోపం ఎందుకంటే, నేను ఎంత విడమర్చి చెప్పినా మా నర్మెట్ట వాళ్లు చివరికి "ఓహో, టైపు కొడ్తదా" అనేవాళ్లు. టైపు కొట్టేది నేను. జనగామలో అక్క ఉన్న ఆఫీసులోనే తెలుగు టైపిస్టును. అక్క పని వేరు. కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రాములను కట్టడం, వాటికి కావలసినవాటితో ముడివేయడం, ఆ ముడి ఊడకుండా కాపాడడం ఆమె పని. ఎనభైల చివర్లో జనగామ మొత్తం మీద ఆ పని తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. చెల్లెలిని కాబట్టి గొప్పలు పోతున్నాననుకుంటే అనుకోండి, నాకేం నష్టం లేదు.

అరవై తొమ్మిదిలో అక్క జనగామలో పీయూసీ చదువుతోంది. తెలంగాణ ఉద్యమం వచ్చింది. కాలేజీలు మూతపడ్డాయి, రోడ్లన్నీ ఊరేగింపులే. అక్క కూడా జెండా పట్టుకుని నడిచిందని ఎవరో చెబితే బాపు బస్సెక్కి పోయి ఆమెను ఇంటికి తీసుకొచ్చాడు. తిట్టలేదు. "మన పిల్లల కొలువుల కోసమే కదా" అని తనలో తాను అనుకున్నాడు. ఆ ఏడాది పరీక్షలు గాలికిపోయాయి. అక్క ఇంట్లో కూర్చుని చేసేదేమీ లేక బావి దగ్గరికి పోవడం మొదలుపెట్టింది.

మాది పొత్తుల బావి. బాపుకూ ఆయన ముగ్గురు తమ్ముళ్లకూ కలిపి ఒకటే. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు పొలానికి నీళ్లు పెట్టుకుంటారు. ఆ ఎండాకాలం బాపు చివరి తమ్ముడైన మా చిన్న కాకకు ఒక ఆలోచన వచ్చింది. ఎవరికీ చెప్పకుండా మనుషులను పెట్టి బావిలో ఒక మూల లోతు చేయించాడు. నీళ్లన్నీ ఆ మూలకు దిగిపోయాయి, మిగతా ముగ్గురి పైపులు గాలిలో వేలాడాయి. అన్నదమ్ములు కొట్టుకునేదాకా వచ్చింది. అక్క బావిలోకి దిగి చూసి వచ్చి అందరి ముందూ చెప్పింది: "కాక చెడ్డపని చెయ్యలే. అడగకుంట మంచిపని చేసిండు. మీ పైపులు గూడ కిందికి దించేదాక ఆయన ఇంజను ఆపుతడు. ఇగనుంచి బాయిల చెయ్యి పెట్టాలంటే నలుగురినీ అడగాలె."

పదహారేళ్ల పిల్ల ఆ మాట అంటే పెద్దవాళ్లు సరేనన్నారు. చిన్న కాక ఇంజను ఆపాడు కూడా. మా ఇంట్లో ఇప్పటికీ అది చెప్పుకుంటారు.

కాలేజీలు తెరిచాక ఆమె హన్మకొండలో లెక్కలు చదివింది. హైదరాబాద్‌లో ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ఉద్యోగం దొరికింది. అక్కడ ఆమె పనిని ఎవరూ తప్పుపట్టలేదు, మాటను పట్టుకున్నారు. ఆమె "గిది గిట్ల నడ్వదు సార్" అంటే కోస్తా నుంచి వచ్చిన పై ఆఫీసరు ఒకాయన పక్కవాళ్లకేసి చూసి నవ్వేవాడట. మా మాటను సినిమాల్లో జోకర్ల నోట్లో పెట్టి నవ్వడం అలవాటైన వాళ్లు కదా, ఆఫీసులో మాత్రం ఎందుకు ఊరుకుంటారు. అక్క మాట మార్చుకోలేదు. "నడ్వదు" అన్నది నడవలేదు, "నడుస్తది" అన్నది నడిచింది. కొన్నాళ్లకు ఆయనే "సులోచన గారూ, ఇది నడుస్తదా?" అని అడగడం మొదలుపెట్టాడని చెప్పి నవ్వేది.

ఆ కంపెనీ ఆమెను ఒకసారి బెంగళూరుకు శిక్షణకు పంపింది. తిరిగి వచ్చేటప్పుడు చీర తెస్తుందని నేను ఎదురుచూస్తే ఒక టేపు తెచ్చింది. అందులో ప్రోగ్రాములున్నాయి. కొనుక్కున్నవి కావు. రాసినవాళ్లు తాము రాసిందంతా, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, ఎవరైనా చదువుకునేలా బయట పెట్టారు. చదవొచ్చు, బాగుచేయొచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు. దాచిపెట్టడం మాత్రం కూడదు.

"ఉత్తగనే ఇచ్చిన్రా? వాళ్లకేం లాభం?" అని అడిగాను.

"మనోళ్లు ఒకరి పొలంల ఒకరు బదులు పనికి పోతరు చూడు, గదే లాభం" అంది అక్క. చీర సంగతి నేను మళ్లీ ఎత్తలేదు.

ఎనభై ఎనిమిదిలో ఆమె ఆ ఉద్యోగం వదిలి జనగామ వచ్చేసింది. జనగామ రైల్వే స్టేషన్లో పనిచేసే మా బావ సుదర్శన్‌తో కలిసి ఉండొచ్చన్నది ఒక కారణం. రెండోది, వరుస కరువుల తర్వాత ఒక స్వచ్ఛంద సంస్థ మా దగ్గర ఆఫీసు పెట్టింది. ఊళ్లలో, తండాల్లో నేలను కొలిచి, ఎక్కడ బోరు వేస్తే నీళ్లు పడతాయో చెప్పడం వాళ్ల పని. బయటి దేశం వాళ్లెవరో వాళ్లకు మంచి కంప్యూటర్ ఒకటి ఇచ్చారు. ఇచ్చారు గానీ, దాన్ని నడిపే మనిషిని ఇవ్వలేదు. ఏనుగును ఇచ్చి మావటిని ఇవ్వనట్టే.

ఆఫీసుకు పెద్ద రఘునాథ్ సారు. భూగర్భ శాస్త్రం చదివిన మనిషి, జఫర్‌గఢ్ వైపు ఆయన. చెట్టును చూసి కింద తడి ఉందో లేదో చెప్పగలడు. కానీ కంటితో చూసిందాన్ని లెక్కతో సరిచూసుకోనిదే గుర్తు పెట్టడు. నేలలో వరుసగా ఇనుప మేకులు దించి, కరెంటు పంపి, అది ఎలా పోతుందో కొలిచి తెస్తారు. ఆ కొలతలు ఇస్తే అక్క కట్టిన ప్రోగ్రాము ఎంత లోతున తడి ఉందో, ఎక్కడ బండ మొదలవుతుందో చెప్పేది. ఆమె లెక్క చెప్పిన లోతులోనే జఫర్‌గఢ్‌లో నీళ్లు పడ్డాయి. ఆ చుట్టుపక్కల ఇంకెన్నో ఊళ్లలో పడ్డాయి.

ఇక్కడ లైబ్రరీ సంగతి చెప్పాలి. పుస్తకాల గది కాదు. ప్రోగ్రాము తనకు కావలసిన లెక్కలన్నీ తన కడుపులోనే పెట్టుకోదు. అందరికీ పనికొచ్చే లెక్కలను విడిగా ఒక ఫైలులో ఉంచుతారు, దాని పేరు లైబ్రరీ. ఏ ప్రోగ్రాము మొదలైనా ఆ ఫైలును వెతుక్కుని, దానితో కలిసి పనిచేస్తుంది. ఒకటే ఫైలు, నలుగురు వాడుకునేవాళ్లు. డిస్కులో చోటు మిగులుతుంది, ఆ రోజుల్లో డిస్కులో చోటంటే బంగారమే. "మన పొత్తుల బాయి అనుకో" అని అక్క చెప్పాక నాకు ఇంకేమీ అడగాల్సిన పని లేకపోయింది.

మా కంప్యూటర్‌లో లెక్కల లైబ్రరీలు రెండుండేవి. పేరు చివర ఒకటి అని ఉన్నది పాతది, రెండు అని ఉన్నది కొత్తది. లోతు చెప్పే ప్రోగ్రాము పాతదాని మీద నడిచేది. పటాలు గీసే ప్రోగ్రాముకు కొత్తది కావాలి. రెండూ టేపులో వచ్చినవే, రెండింటినీ అక్కే కట్టింది. రెండూ పక్కపక్కనే ఉండాలి.

ఇక భూపాల్. కంప్యూటర్ దగ్గర ఆపరేటర్‌గా కొత్తగా చేరాడు. ముప్పై దాటిన మనిషి, పనిమంతుడు, శుభ్రం పిచ్చి. ఎనభై తొమ్మిది దసరాకు అక్క నర్మెట్ట పోయింది. ఆయుధ పూజ బాధ్యత భూపాల్ నెత్తిన పడింది. ఊళ్లో దసరా ముందు ఏం చేస్తాం? ఇల్లు సున్నం కొట్టి, పాత చీపుర్లూ పగిలిన కుండలూ బయట పారేస్తాం. భూపాల్ అదే చేశాడు. కంప్యూటర్ మీది దుమ్ము తుడిచాడు, టేపు పెట్టే మూతికి కుంకుమ బొట్టు పెట్టాడు, బల్ల కాళ్ల కింద నిమ్మకాయలు పెట్టాడు. బల్ల కదిలేది కాదని నేను చెప్పినా వినలేదు. బయటంతా శుభ్రమయ్యాక లోపల మాత్రం చెత్త ఎందుకని డిస్కులోకి దిగాడు. కొత్తది ఉండగా పాతది ఎందుకని, పేరు చివర ఒకటి ఉన్నవాటినన్నిటినీ తుడిచేశాడు. తళతళలాడే ఆ డిస్కును చూసి మురిసిపోయి, ఉన్న ఒక్క బ్యాకప్ టేపు మీదికి, దాని మీది పాత కాపీ చెరిగిపోయేలా, మళ్లీ కాపీ కూడా తీశాడు. నిజానికి ఆయన పూజ అంత భక్తిగా ఎవరూ చేయలేదు, అదే వచ్చిన చిక్కు.

పండుగ తెల్లారి రఘునాథ్ సారు కొలతలు పట్టుకుని వచ్చాడు. కొత్తగూడ అడవిలో తావుర్యా తండా కొలతలవి. తండాకు నీళ్లు లేవు. వాగు ఇసుకలో చెలిమె తవ్వి, ఊరిన నీళ్లు తోడుకుని తాగేవాళ్లు, అదీ ఎండిపోతోంది. కిందటి రెండేళ్లూ పండుగ దాటగానే తండా అంతా మూటలు కట్టుకుని భూపాలపల్లి వైపు మట్టి పనికి పోయింది. ఈసారి బోరు పడితే ఉంటామని, పడకపోతే లారీ ఎక్కుతామని తండా నాయక్ తావుర్యా సారుతో తేల్చి చెప్పాడు. కూలీలను తీసుకుపోయే మేస్త్రీ లారీ రావలసిన రోజు కూడా ఖాయమైంది. సంస్థ ఆ ఏడు ఆ తండాకు ఇవ్వగలిగింది ఒక్క బోరే. అందులో నీళ్లు పడకపోతే ఇంక అంతే.

సారు కొలతలు ఇస్తే ప్రోగ్రాము మొరాయించింది. లైబ్రరీ ఒకటి దొరకలేదని తెర మీద రాసింది. భూపాల్ పరేషాన్ అయ్యాడు. కాసేపు ఆలోచించి, కొత్త లైబ్రరీకే పాత పేరు తగిలించాడు. ప్రోగ్రాము లేచి నడిచింది, కాగితం కూడా బయటికొచ్చింది. సారు ఆ కాగితం చూసి తల గోక్కున్నాడు. తండా వెనక ఇప్పచెట్టు దగ్గర ఆయనకు నమ్మకం, కానీ అక్కడి తడి బోరు వేసే మా రిగ్గుకు అందనంత లోతున ఉందని లెక్క చెబుతోంది. తండా ముందున్న జాగాలో అయితే అందుతుందట. లెక్క ఎప్పుడూ తప్పలేదు కాబట్టి సారు దాన్నే నమ్మి కొత్తగూడ వెళ్లిపోయాడు. రిగ్గు ఎల్లుండి పోతుందని చెప్పాడు.

మర్నాడు పొద్దున్నే అక్క ఆఫీసుకు వచ్చింది. నిమ్మకాయలు చూసి నవ్వింది. తెర ముందు కూర్చున్న కాసేపటికి ఆ నవ్వు పోయింది.

"భూపాల్, పాత లైబ్రరీ ఏది?"

"తీసేసిన మేడమ్. కొత్తది ఉన్నది కదా. దానికి పాత పేరు పెట్టిన, మంచిగ నడుస్తున్నది."

"నడుసుడు వేరు, సరిగ్గ చెప్పుడు వేరు" అంది అక్క. గొంతు పెంచలేదు. నాకైతే ఆ నిమ్మకాయలు తీసి అతని మీదికి విసరాలనిపించింది.

అక్క పాత కొలతలు తీసింది. జఫర్‌గఢ్‌వి. అక్కడ ఎంత లోతున నీళ్లు పడ్డాయో అందరికీ తెలుసు. అవే కొలతలు మళ్లీ ప్రోగ్రాముకు ఇచ్చింది. వచ్చిన జవాబు చూసి ముగ్గురమూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఉన్న లోతుకు రెట్టింపు చెబుతోంది.

ఎందుకో అక్క అప్పుడే కనిపెట్టింది. పాత లైబ్రరీ ఆ చివరి మేకు నుంచి ఈ చివరి మేకు దాకా మొత్తం దూరం అడిగేది. కొత్తది రాసినవాళ్లు పద్ధతి మార్చి, నడిమి నుంచి ఒక చివరి దాకా, అంటే సగం దూరం అడుగుతున్నారు. మా ప్రోగ్రాము ఎప్పటిలాగే మొత్తం దూరం ఇస్తోంది. కొత్త లైబ్రరీ దాన్నే సగమనుకుని లెక్క కడుతోంది. తప్పని చెప్పడానికి లోపల ఎవరూ లేరు.

"అంటే ఇప్పచెట్టు కాడ తడి పైనే ఉన్నది. ముంగట జాగల జర తడి ఉంటది, దాన్నే ఇది రెట్టింపు చేసి చూపింది, దానికింద అంత బండే" అంది అక్క. అంటే రిగ్గు పోతున్నది బండను తొలవడానికి. ఆ పైన తండా పోయేది లారీలో.

"అయితే మన ప్రోగ్రాముల దూరం సగం చేసి ఇయ్యరాదే అక్కా, అయిపోతది" అన్నాను. అంత తెలివి నాకూ ఉంది మరి.

"గదొక్కటే మారిందని నాకెట్ల తెల్సు? ఇంకేం మార్చిన్రో మొత్తం చదవాలంటే వారమైతది. పాతది నీళ్లు చూపించిన లైబ్రరీ. అదే కావాలె నాకు. ఒక తండా బోరు మీద అందాజ లెక్క పెట్టను."

మా బావకు కబురు పోయింది. ఇంట్లో బీరువాలో చీరల మధ్య దాచిన బెంగళూరు టేపు ఆయన చేతుల మీదుగా వచ్చింది. అక్క కూర్చుంది. పాత లైబ్రరీని మళ్లీ మొదటి నుంచి కట్టడం మొదలుపెట్టింది. అది సగం దాకా కట్టుకుని, తనకు ఇంకో చిన్న లైబ్రరీ కావాలని ఆగిపోయింది. దాని పాతది కూడా భూపాల్ పూజలో పోయింది. దాన్ని కట్టబోతే అది మరొకటి అడిగింది. అత్తగారింటికి పోయిన కొత్త కోడలికి ఒక్కొక్కరే చుట్టాలు బయటపడినట్టు, ఒకదాని వెనక ఒకటి. నాకు విసుగొచ్చి ఇల్లు చూసుకుందామని లేచాను, మళ్లీ కూర్చున్నాను. మధ్యలో కరెంటు పోయింది. వచ్చాక, పోయినంత మేరా మళ్లీ చేసింది. భూపాల్ ఒక్కో ఫైలునూ ఆమె చెప్పిన చోట పెడుతూ పక్కనే నిలబడ్డాడు, మంచినీళ్లు కూడా తాగలేదు.

చివరికి అన్నీ కట్టుకున్నాక ఆమె ఇంకో పని చేసింది. లోతు చెప్పే ప్రోగ్రామును మళ్లీ కడుతూ, దానికి కావలసిన పాత లెక్కలన్నీ దాని కడుపులోనే పెట్టేసింది. ఇక అది ఎవరినీ వెతుక్కోదు. డిస్కులో చోటు ఎక్కువ తింటుంది, తిననీ అంది. జఫర్‌గఢ్ కొలతలు ఇచ్చి నడిపింది. నీళ్లు పడిన లోతే వచ్చింది. తావుర్యా తండావి ఇచ్చింది. ఇప్పచెట్టు దగ్గర, రిగ్గుకు హాయిగా అందే లోతులో, మంచి తడి.

"మేడమ్, నా కొలువు పోతదా?" అని అడిగాడు భూపాల్.

"నువ్వు అడగకుంట మంచిపని చేసినవ్. అసొంటోళ్లను నేను ఇదివరకే చూసిన, తర్వాత మంచిగనే బతికిన్రు" అంది అక్క. నేనైతే అంత తేలిగ్గా వదిలేదాన్ని కాదు.

మహబూబాబాద్‌లో మా సంస్థకు చిన్న ఆఫీసు ఉండేది. ట్రంకాల్ చేస్తే, తెల్లారి ఒక జీపు కొత్తగూడ పోతుందనీ, అంతకుముందు కబురు పంపే దారి లేదనీ చెప్పారు. పొద్దున్నే మొదటి రైలెక్కి మహబూబాబాద్‌లో దిగి ఆ జీపు పట్టుకున్నాం. నేనెందుకు పోయానంటే, అక్క కాగితాలు చూసుకుంటూ తినడం మరిచిపోతుంది, సద్ది డబ్బా పట్టుకునే మనిషి ఉండాలి కదా.

మేము చేరేసరికి రిగ్గు తండా ముందు జాగాలో నిలబడి ఉంది. పూజ కూడా అయిపోయింది. అమ్మవారి పేరు మీద నేలలో ఒక రాయి పాతి, పసుపు కుంకుమ పెట్టి, మేకను కోశారు. రిగ్గు డ్రైవరు కొబ్బరికాయ కొట్టేసి, ఇక ఇంజను మొదలుపెట్టబోతున్నాడు. ఇళ్ల ముందు విసుర్రాళ్లు, గిన్నెల మూటలు, మడిచిన బొంతలు కట్టి పెట్టి ఉన్నాయి. సాయంత్రం లారీ వస్తుందని అప్పుడు తెలిసింది.

అక్క జీపు దిగి ఉరికినట్టే పోయింది. "సార్, ఆపుండ్రి. జాగ తప్పు."

రఘునాథ్ సారు కాగితం తీసుకున్నాడు. ఆయన అడిగిన మొదటి మాట ఒకటే: "జఫర్‌గఢ్‌ది పెట్టి చూసిన్రా?"

"చూసిన సార్. పాత లైబ్రరీతోని సరిగ్గ వచ్చింది. మీకు కాగితం ఇచ్చినప్పుడున్నది కొత్తది, అది రెట్టింపు చెప్పింది."

సారు గట్టిగా గాలి వదిలాడు. "ఆ ఇప్పచెట్టును చూసినప్పటిసంది నా మనసు అక్కడనే ఉన్నది సులోచనమ్మా" అన్నాడు. చదువుకున్న మనిషి అంటే అట్లా ఉండాలి. కాగితం చూశాడు, అడగాల్సింది అడిగాడు, ఒప్పుకున్నాడు. నేను హైదరాబాద్ ఆఫీసరును తలుచుకుని ఈయనకు మనసులోనే దండం పెట్టాను.

కానీ తావుర్యా ఒప్పుకోలేదు. తెల్ల తలపాగా, ఎండకు కమిలిన మొహం. ఆయన మాతో తెలుగులోనే మాట్లాడాడు. "అమ్మను ఇక్కడ నిలబెట్టినం సారూ. మేకను ఇచ్చినం. ఇప్పుడు జాగ మారిస్తే అమ్మకు కోపమొస్తది. నీళ్లుంటే ఇక్కడనే పడ్తయ్, లేకుంటే మా నసీబు."

రిగ్గు డ్రైవరు కూడా ఆయన పక్షమే. కొబ్బరికాయ కొట్టాక బండి కదిలిస్తే తన బండికి మంచిది కాదన్నాడు. సారు బతిమాలాడు. అక్క కాగితం చూపించి వివరించబోయింది. కాగితంలోని గీతలు అమ్మవారి ముందు ఏం పనిచేస్తాయి! తండా జనం తావుర్యా వెనక చేరారు. నాకు లోపల భయం మొదలైంది. నిన్న మధ్యాహ్నం నుంచి అక్క ఒక్కొక్కటిగా కట్టుకొచ్చిందంతా ఇక్కడ, ఒక రాయి దగ్గర ఆగిపోతుందనిపించింది.

అప్పుడు తావుర్యా తల్లి చంద్రి ముందుకొచ్చింది. ముసలావిడ, చేతుల నిండా గాజులు, నడుము కొంచెం వంగింది. అక్కను పైనుంచి కిందిదాకా చూసింది.

"బిడ్డా, నీకు గట్టిగ తెల్సా?"

అక్క కాగితం మడిచింది. నేల లోపల ఏముందో ఎవరికి తెలుసు. "నీళ్లు నా చేతుల లేవు అవ్వా. కానీ లెక్క సరిగ్గ ఉన్నది. అది నాకు గట్టిగ తెల్సు. తప్పు లెక్క మీద మిమ్మల్ని లారీ ఎక్కియ్యలేను."

చంద్రి కొడుకు వైపు తిరిగి వాళ్ల భాషలో ఏదో అంది. తర్వాత మాకు కూడా అర్థం కావాలని తెలుగులో అంది: "ఏటేట మనం వలస పోతే అమ్మ మన మూటల కూసోని భూపాలపల్లి దాక వస్తది. అంత దూరం వచ్చేటామె ఇప్పచెట్టు దాక రాదా?"

ఆవిడ వంగి, ఆ రాయిని పెకిలించి, కొంగులో పెట్టుకుని తండా వెనక్కి నడిచింది. పసుపు నీళ్ల చెంబు పట్టుకుని ఒక ఆడమనిషి ఆమె వెంట పోయింది. ఇంకొకామె పోయింది. తావుర్యా తలపాగా తీసి మొహం తుడుచుకుని డ్రైవరుతో "తీయ్ బండి" అన్నాడు.

ఇప్పచెట్టు దగ్గర రిగ్గు దిగింది. మొదట ఎర్ర దుమ్ము లేచింది, తర్వాత తెల్ల దుమ్ము. పైపు మీద పైపు లోపలికి పోతోంది. దుమ్ము మా అందరి తలల మీద పడి ముసలివాళ్లను చేసింది. అక్క దూరంగా నిలబడి చేతులు కట్టుకుని చూస్తోంది. సద్ది తినమంటే వినిపించుకోలేదు. సారు దుమ్మును చేతిలోకి తీసుకుని నలుపుతున్నాడు. కాగితంలో ఉన్న లోతు వచ్చింది. దుమ్మే వస్తోంది. ఇంకో పైపు దించారు. తావుర్యా అక్క వైపు చూశాడు. అక్క తల దించుకోలేదు, అది నేను చూశాను.

సారు చేతిలోని దుమ్ము ముద్దయింది. ఆయన అరిచేలోపే బోరు మూతి నుంచి బురద ఎగిరింది, దాని వెనక నీళ్లు ఎగిశాయి. ఇప్పచెట్టు కొమ్మలదాకా పోయి మా మీద పడ్డాయి. పిల్లలు కేకలు పెట్టారు. నేను సద్ది డబ్బా కింద పడేసి అక్కను పట్టుకుని ఏడ్చాను. ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు. నా అక్క కట్టిన లెక్క అది. ఆమె చదువు, ఆమె మొండితనం, ఆమె మార్చుకోని మాట, అన్నీ కలిసి నీళ్లయి నా నెత్తిన పడ్డాయి. అంత గర్వం నాకు అంతకుముందు తెలియదు.

అక్క మాత్రం "జర జరుగు, కాగితాలు తడుస్తున్నయ్" అంది.

తండా ఆడవాళ్లు బిందెలు తెచ్చారు గానీ నింపడం మరిచిపోయారు. చెలిమెలో గ్లాసుతో తోడుకున్న చేతులు కదా, నీళ్లు అట్లా ఉత్తగా పారుతుంటే చూస్తూ నిలబడిపోయారు. చంద్రి ఆ నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంది.

పొద్దు వాలుతుండగా లారీ వచ్చింది. డ్రైవరు దిగకుండానే హారన్ కొట్టాడు, ఎవరూ కదలలేదు. మళ్లీ కొట్టాడు. ఇళ్ల ముందు మూటలు విప్పిన చప్పుడు తప్ప ఏమీ లేదు. చంద్రి తడిసిన పాదాలతో నెమ్మదిగా లారీ దాకా నడిచి పోయింది.

"ఎక్కుండ్రి, లేటయితుంది" అన్నాడు వాడు.

"ఈ ఏడు మేం రాం" అంది చంద్రి. "మాకు నీళ్లున్నయ్."

వాడు ఇంకోసారి తండా వైపు చూసి, లారీని వెనక్కి తిప్పి, ఖాళీగా తీసుకుపోయాడు.